పై రూంలో ల్యాగ్: వైఫై తప్పా, కేబుల్ తప్పా, లైను తప్పా?

తమ్మీ, నువ్వు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. వరంగల్ నయీంనగర్‌లో రెండంతస్తుల ఇల్లు. వైఫై బాక్స్ (అదే రౌటర్) కింద హాల్‌లో టీవీ వెనక, నీ రూం పైన. 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైను. వాలరెంట్ ఆటకు ముంబై సర్వర్‌లో పింగ్ (డేటా అక్కడికి పోయి వచ్చేటందుకు పట్టే టైము, మిల్లీసెకన్లలో) 32 చూపిస్తది, ఉన్నట్టుండి 180, 250 దాక పోయి మళ్లీ 32కు దిగుతది. స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 90 పైనే. 30 మీటర్ల ఫ్లాట్ కేబుల్ కొని మెట్ల మీంచి పైకి లాగినవు. పగలు మంచిగైంది, రాత్రి 9 నుంచి 11 దాక మళ్లీ దుంకుతున్నది. ఇప్పుడు వైఫై 6 గేమింగ్ రౌటర్ కొనాల్నా, కనెక్షనే మార్చాల్నా అని అడిగినవు.

ఇప్పుడే రెండూ వద్దు. నీ ఇంట్లో ఉన్నది ఒక్క రోగం కాదు, రెండు. మొదటిది వైఫైది, దాన్ని కేబుల్ తగ్గించింది. రెండోది రౌటర్ దగ్గరనో, రౌటర్ దాటినంకనో ఉన్నది. ల్యాన్ కేబుల్ బాగు చేసేది నీ లాప్‌టాప్ నుంచి రౌటర్ దాక ఉన్న ఆ 20, 30 మీటర్ల దారినే. అక్కడి నుంచి హైదరాబాద్, ముంబై దాక పోయే దారి మీద దానికి ఏ పట్టూ లేదు. ఏ ముక్కలో ఆలస్యం అయితున్నదో కొలవకుండ సామాను కొంటే పైసలు పోతయి, ఆట ఆగి ఆగి నడిచే ల్యాగ్ మాత్రం ఉంటది.

ముందు స్పీడ్ సంగతి పక్కన పెట్టు. ఆటకు ఒక ఎంబీపీఎస్ కూడా నిండుగ అక్కర లేదు. కావాల్సింది చిన్న చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) టైముకు చేరుడు. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఆటను లెక్కేస్తది, అంటే దాదాపు 7.8 మిల్లీసెకన్లకు ఒకసారి. నీ ప్యాకెట్ 100 మిల్లీసెకన్లు ఎక్కడన్న ఆగితే 12, 13 లెక్కలు నువ్వు లేకుండనే అయిపోతయి. తుపాకీ కొట్టినా తగలకపోవుడు, నడిచినోడు వెనక్కి గుంజుకొచ్చుడు దీనివల్లనే. స్పీడ్ టెస్ట్ పది, పదిహేను సెకన్ల సగటు చెప్తది. మధ్యలో పావు సెకను ఆగినా ఆ సగటులో కలిసిపోయి కనపడదు.

32 అన్న అంకె గురించి కూడా ఒక మాట. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతది, అంటే 1000 కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు. వరంగల్ నుంచి ముంబైకి గీత గీసినట్టు పోయినా పోయి వచ్చేటందుకు 7, 8 మిల్లీసెకన్లు పడ్తది. అసలు కేబుల్ హైదరాబాద్ మీదుగ, వంకరలు తిరుక్కుంట, నడుమ ఎన్నో మిషన్లు దాటుకుంట పోతది. కాబట్టి 30 దగ్గర ఉంటే అది మంచి అంకెనే. ఏ గేమింగ్ రౌటర్ డబ్బా మీద ఏం రాసినా దాన్ని 10 చెయ్యలేదు. మన గొడవ 32 తోని కాదు, అది 32 మీద నిలబడకపోవుడు తోని.

ఇక కొలుచుడు. ఇది రాత్రి 9 దాటినంక, ఆట నడుస్తున్నప్పుడే చెయ్యి. పగలు చేస్తే లాభం లేదు. లాప్‌టాప్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ (cmd) అని కొట్టు, నల్ల విండో తెరుచుకుంటది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక అడ్రస్ వస్తది. ఎక్కువ ఇళ్లల్లో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటది. అది నీ రౌటర్. ఇప్పుడు పింగ్ (ping) అని కొట్టి, స్పేస్, ఆ అడ్రస్, మళ్లీ స్పేస్, మైనస్ గుర్తుకు ఆనించి ఎన్, స్పేస్, 600 అని ఇయ్యి. పది నిమిషాలు నడుస్తది. ఆఖరుకు ఎన్ని ప్యాకెట్లు చేరకుండ గల్లంతై పోయినయి, అన్నిటికంటే తక్కువ ఎంత, ఎక్కువ ఎంత, సగటు ఎంత అని అదే చెప్తది.

రెండో విండో తెరిచి ట్రేసర్ట్ (tracert), స్పేస్, 8.8.8.8 అని కొట్టు. 8.8.8.8 అంటే గూగుల్ సర్వర్, అక్కడి దాక దారిలో ఉన్న మిషన్లు లైనుకు ఒకటి చొప్పున వస్తయి. మొదటి లైను నీ రౌటర్. రెండోదో మూడోదో నీ ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల మొదటి మిషన్. ఆ అడ్రస్‌కు కూడా అట్లనే 600 పింగ్‌లు పెట్టు. అది జవాబు ఇయ్యకపోతే, నక్షత్రం గుర్తు (*) వస్తే, దాని తర్వాతి లైను తీసుకో. మూడో విండోలో 8.8.8.8 కు పెట్టు. మూడూ ఒక్కసారే నడవాలె, అప్పుడే పోల్చుకోవచ్చు.

చదివేది ఇట్ల. కేబుల్ మీద రౌటర్ పింగ్ 1 లేదా అంతకంటే తక్కువ ఉండాలె, ఒక్క ప్యాకెట్ కూడా పోవద్దు. అప్పుడప్పుడు 3, 4 వస్తే పట్టించుకోకు. 600లో ఐదారు పోయినా, 50 దాటి ఎగిరినా తప్పు ఇంట్లనే ఉన్నది: కేబుల్, పోర్ట్, లేదంటే రౌటరే. రౌటర్ పింగ్ 1 మీద స్థిరంగ ఉండి, కంపెనీ మొదటి మిషన్ దగ్గర ఎగిరి, 8.8.8.8 కూడా దాంతోని కలిసి ఎగిరితే తప్పు నీ అప్‌లోడ్‌లోనో, కంపెనీ లైనులోనో ఉన్నది. ఇక్కడ చానామంది ఒక పొరపాటు చేస్తరు. నడుమ ఒక్క లైను మాత్రం 120 చూపించి, దాని తర్వాతవి అన్నీ 30 చూపిస్తే అది తప్పు కాదు. పెద్ద రౌటర్లు నీ డేటాను ముందు పంపి, పింగ్‌కు జవాబు తీరికగ ఇస్తయి. ఎగురుడు అక్కడ మొదలై ఆఖరి దాక ఉంటేనే లెక్క.

వైఫై సంగతి ముందు తేల్చేద్దాం. కేబుల్ తీసి, అదే రౌటర్ పింగ్ వైఫై మీద పెట్టి చూడు. 5 గిగాహెర్ట్జ్ మీద (వైఫై నడిచే పట్టీల్లో ఒకటి, ఇంకోటి 2.4), ఒకే రూంలో కూర్చుంటే 2 నుంచి 5 దాక ఉండి అప్పుడప్పుడు 15, 20 పోతది. నీ రూం నుంచి అయితే 3, 4, 90, 3, 160 ఇట్ల కనపడే అవకాశమే ఎక్కువ. కారణం సిగ్నల్ ఒక్కటే కాదు. కేబుల్‌లో పోయే దారి, వచ్చే దారి ఏకకాలంలో నడుస్తయి. వైఫైలో ఒక చానల్ మీద ఒక టైముకు ఒక్కరే మాట్లాడాలె. మిగతావాళ్లు విని, ఖాళీ అయిందని చూసి, ఎంతో కొంత ఆగి మొదలు పెడ్తరు. ఇద్దరు ఒక్కసారే మొదలు పెడితే రెండూ చెడిపోయి మళ్లీ పంపాలె. నయీంనగర్, కిషన్‌పుర లాంటి హాస్టళ్లు, కిరాయి రూములు ఎక్కువున్న గల్లీల్లో ఫోన్ తీసి చూస్తే ఇరవై, ముప్పై వైఫై పేర్లు కనపడ్తయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. అంతమంది ఆ మూడింటినే పంచుకుంటున్నరు. నీ ఫుల్ సిగ్నల్ గీతలు ఈ రద్దీని చూపించవు.

దానికి తోడు మన ఇళ్ల కట్టుడు. ఆర్‌సీసీ స్లాబ్‌లో ఇనుప జాలి, మీద గ్రానైట్, నడుమ ఇనుప బీరువా, బీరువాకు అద్దం. 5 గిగాహెర్ట్జ్ స్లాబ్ దాటంగనే సగం చచ్చిపోతది, అందుకని లాప్‌టాప్ దానంతటదే 2.4 కు దిగుతది. టీవీ వెనక పెట్టుడు అన్నిటికంటే చెడ్డ జాగ. కేబుల్ పెట్టినా ఇంట్ల ఫోన్లు వైఫై మీదనే ఉంటయి కాబట్టి బాక్స్‌ను టీవీ వెనక నుంచి తీసి, మెట్ల దగ్గర ఆరడుగుల ఎత్తున గోడకు పెట్టియ్యి. బ్రౌజర్‌లో ఆ గేట్‌వే అడ్రస్ కొడితే బాక్స్ సెట్టింగుల పేజీ తెరుచుకుంటది. అందులో 2.4 కు ఒక పేరు, 5 కు ఇంకో పేరు పెట్టు, ఎవరు దేని మీద ఉన్నరో తెలుస్తది. 2.4 లో చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటొద్దు. 5 లో 36 నుంచి 48 దాకనో, 149 నుంచి 161 దాకనో చానల్ చేత్తోని పెట్టు. వాటి నడుమ 52 నుంచి 144 దాక ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ వినపడితే రౌటర్ ఆ చానల్ ఇడిచిపెట్టాలె. అప్పుడు ఆట మధ్యలో కనెక్షన్ ఊడిపోతది. 5 లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు మీద ఎగురుడు ఎక్కువుంటే 40 కి తగ్గించు. స్పీడ్ తగ్గుతది, ఆటకు దాంతోని నష్టం లేదు. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ పెట్టి నీ కుర్చీ దగ్గర చూసుకుంటే మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం) లేదా అంతకంటే మంచిగ ఉండాలె. మైనస్ 75 కు పడిపోతే ఆట ఆడే జాగ కాదది.

వైఫై మీద గడియారం కొట్టినట్టు, ఒకే వ్యవధికి ఒకసారి పింగ్ ఎగిరితే అది పక్కింటోళ్ల రద్దీ కాదు. లాప్‌టాప్ చుట్టుపక్కల నెట్‌వర్కులు వెతుక్కుంటున్నది. విండోస్‌లో లొకేషన్ బంద్ చేసి, వైఫై అడాప్టర్ డ్రైవర్ కొత్తది వేసి, డివైస్ మేనేజర్‌లో పవర్ ఆదా చేసే టిక్కు తీసేసి మళ్లీ కొలువు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా 2.4 మీదనే నడుస్తది. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్, హబ్ కూడా దగ్గర్లో ఉంటే 2.4 లో గోల పెడ్తయి. 5 కు మారితే రెంటి బాధా పోతది.

ఇప్పుడు నీ కేబుల్. ఫ్లాట్ కేబుల్ అన్నవు కాబట్టి జర అనుమానమే. ల్యాన్ కేబుల్‌లో తీగల జతలను మెలిపెట్టేదే బయటి గోల అంటకుండ. చపాతీ లాంటి కేబుళ్లలో తీగలు సన్నగుంటయి, మెలిక తక్కువుంటది. తలుపు సందులో, మెట్ల అంచులో నలిగితే ఒక తీగ తెగి పట్టీపట్టనట్టు ఉంటది. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీకి పోయి లింక్ స్పీడ్ ఎంత చూపిస్తున్నదో చూడు. 1000 అంటే నాలుగు జతలూ పనిచేస్తున్నయి. 100 అంటే రెండు కారణాలు: కంపెనీ ఇచ్చిన బాక్స్‌లో ఆ పోర్ట్ 100 దే అయి ఉండొచ్చు (కొన్నిట్లో ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటది, పోర్ట్ మార్చి చూడు), లేదంటే ఒక తీగ పోయింది. 100 మీద ఆట మంచిగనే నడుస్తది. దానికి 1, 2, 3, 6 నంబరు తీగలు చాలు. 10 చూపించినా, మాటిమాటికి తెగి కలుస్తున్నా ఆ కేబుల్ పడెయ్యి. అడ్రస్ 169.254 తోని మొదలైతే లాప్‌టాప్‌కు రౌటర్ నుంచి అడ్రసే అందలేదని అర్థం. ముందు కేబుల్, తర్వాత పోర్ట్ చూడు. ఇంకోటి, కేబుల్ పెట్టినప్పుడు లాప్‌టాప్ వైఫై బంద్ చెయ్యి. రెండూ ఆన్ ఉంటే దేని మీద కొలుస్తున్నవో నీకే తెల్వదు.

మార్చాల్సి వస్తే గుండ్రటి క్యాట్ 6, అచ్చం రాగిది అడుగు. తక్కువ ధరకు దొరికేవాటిలో చానా మటుకు అల్యూమినియం తీగకు రాగి పూత. తీగ కొనను కత్తితో గీకితే లోపల తెల్లగ మెరుస్తది. చేతికి కూడా తేలికగుంటది. అది వంచితే విరుగుతది, కనెక్టర్ బిగించి క్రింప్ చేసిన కాడ కొన్నాళ్లకు పట్టు వదులుతది. నీ ఇంటికి 20 నుంచి 25 మీటర్లు సరిపోతది. 100 మీటర్ల దాక ల్యాన్‌కు ఇబ్బంది లేదు కాబట్టి పొడుగు గురించి రంది వద్దు. 20 ఎంఎం పీవీసీ పైపులో లాగించు. కరెంటు వైర్లున్న పైపులోనే దూర్చనియ్యకు, జానెడు దూరం పెట్టు, దాటాల్సిన కాడ అడ్డంగ దాటించు. రెండు కొసలకూ ఒకే వరుస: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-పచ్చ, నీలం, తెల్ల-నీలం, పచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పొద్దు. పై తొడుగు కనెక్టర్ లోపలి దాక పోయి దాని పన్ను కింద బిగవాలె. తొడుగు బయటే ఆగిపోయి రంగు తీగలు కనపడుతున్నయంటే ఆ క్రింపింగ్ ఎక్కువ రోజులుండదు. ఎనిమిది లైట్ల టెస్టర్ పెట్టి నీ ముందరే చూపించమను. లాప్‌టాప్‌కు ల్యాన్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ 3 గిగాబిట్ అడాప్టర్ తీసుకో.

కేబుల్‌ను బయటి గోడ మీంచి, డాబా మీంచి మాత్రం తీసుకపోకు. ఎండకు తొడుగు పగులుతది, కోతులు ఊగి గుంజుతయి. అంతకంటే పెద్ద భయం ఉరుములు, మెరుపులు. బయట ఉన్న పొడుగాటి రాగి తీగలోకి పిడుగు దూరంల పడ్డా వోల్టేజీ ఎక్కుతది. రౌటర్ పోర్ట్, లాప్‌టాప్ పోర్ట్ రెండూ ఒక్కసారే పోతయి. బయట నుంచే పోవాల్సి వస్తే రాగి కాదు, ఫైబర్ లాగించు. నిజానికి నీకు అన్నిటికంటే మంచి మార్గం లైన్‌మ్యాన్‌ను పిలిచి ఆ ఫైబర్ బాక్స్‌నే మెట్ల పైకి మార్పిచ్చుకునుడు. ఫైబర్‌ను వేలికి చుట్టినట్టు మడవొద్దని, మిగిలిన తీగను అరచేతి వెడల్పున చుట్టి పెట్టమని చెప్పు. ఇరుకు మడత కాడ వెలుతురు కారిపోతది.

ఇక రాత్రి 9 గంటల రోగం. పగలు మంచిగుండి రాత్రే ఎగురుతున్నదంటే ఫ్లాట్ కేబుల్ మీద అనుమానం తగ్గుతది. తెగిన తీగకు రాత్రి, పగలు లేదు. మిగిలినవి రెండే. ఒకటి, ఇంట్లనే ఎవరో అప్‌లోడ్ నింపుతున్నరు. నాన్న ఫోన్ ఇంటికి రాంగనే ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కు పంపుడు మొదలు పెడ్తది. సీసీ కెమెరా క్లౌడ్‌కు ఎక్కిస్తది. విండోస్ కూడా, ఆ సెట్టింగ్ ఆన్ ఉంటే, తన అప్‌డేట్లను వేరే కంప్యూటర్లకు పంచుతది. రౌటర్‌లో బయటికి పోయే ప్యాకెట్లకు ఒక వరుస ఉంటది. ఆ వరుసలో 1 ఎంబీ పేరుకున్నదనుకో, అంటే 8 మెగాబిట్లు. నీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే అది ఖాళీ అయ్యేటందుకు 400 మిల్లీసెకన్లు పడ్తది. నీ ఆట ప్యాకెట్ ఎంత చిన్నదైనా ఆ వరుస వెనకనే నిలబడాలె. దీన్ని బఫర్‌బ్లోట్ అంటరు. స్పీడ్ మంచిగ, పింగ్ చెడ్డగ ఉన్న ఇళ్లల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే.

తేల్చుకునుడు అల్కనే. 8.8.8.8 కు పింగ్ నడుస్తుండంగ ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియో గూగుల్ డ్రైవ్‌కు ఎక్కించు. పింగ్ 200, 300 అయి, అప్‌లోడ్ ఆపంగనే మళ్లీ మొదటి అంకెకు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఫోన్ల బ్యాకప్ అర్ధరాత్రికి మార్చు, కెమెరా రికార్డింగ్ మెమరీ కార్డుకు పెట్టు, విండోస్ అప్‌డేట్ సెట్టింగుల్లో డెలివరీ ఆప్టిమైజేషన్ బంద్ చెయ్యి. శాశ్వతంగ పోవాలంటే ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల వరుస పేరుకోకుండ చూసే ఏర్పాటు) ఉన్న రౌటర్ కావాలె. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే రౌటర్‌లో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండింటినీ నీకు నిజంగ వచ్చే స్పీడ్‌లో 85 నుంచి 90 శాతానికి కట్టెయ్యి. అప్పుడు వరుస కంపెనీ బాక్స్‌లో పేరుకోదు, నీ రౌటర్ దాన్ని చిన్నగ ఉంచి ఆట ప్యాకెట్‌ను ముందుకు పంపుతది. రౌటర్ కొనుడంటూ ఉంటే దీనికోసం కొను, వైఫై 6 అన్న అంకె కోసం కాదు. కొత్తది పెట్టినప్పుడు కంపెనీ బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రమే అందించేటట్టు) పెట్టించు, లేదంటే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి పడి వాయిస్ చాట్, ఫ్రెండ్స్ లాబీ కనెక్ట్ కాకపోవచ్చు.

రెండో కారణం కంపెనీ లైను. ఇంట్ల అన్ని ఫోన్ల వైఫై తీసేసి, నీ లాప్‌టాప్ ఒక్కటే కేబుల్ మీద ఉండంగ కూడా 9 దాటినంక కంపెనీ మొదటి మిషన్ దగ్గర ఎగిరితే ఇదే. ఎక్కువ ఇళ్లకు వచ్చే జీపాన్ ఫైబర్‌లో ఒక్క తీగ మీద డౌన్‌లోడ్‌కు సుమారు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కు 1.25 గిగాబిట్లు ఉంటయి. దాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటయి. ఆ పైన హైదరాబాద్‌కు పోయే లైను ఇరుకైతే అందరూ సినిమాలు పెట్టుకునే టైముకు నిండుతది. అదే టైముకు ఫోన్ హాట్‌స్పాట్ మీద అదే సర్వర్‌కు ఆట పెట్టి చూడు. మొబైల్ నెట్ పింగ్ జర ఎక్కువున్నా పగటి లెక్కనే నిలబడితే నీ అనుమానం గట్టిపడ్తది.

ఫైబర్ బాక్స్ పేజీలో ఆప్టికల్ పవర్ కూడా చూడు, రిసీవ్ పవర్ అని ఉంటది. మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం దాక పనిచేస్తది. మైనస్ 25 దాటి కిందికి పోతే జాగ్రత్త పడాలె. పగలు మైనస్ 21 ఉండి వాన పడంగనే మైనస్ 27 అయితే స్తంభం మీద జాయింట్‌లో నీళ్లు దూరుతున్నయి, లేదంటే తీగ ఎక్కడో మడత పడ్డది. ఇది రద్దీ కాదు, అతుకుతోని పోయే రోగం.

కంప్లయింట్ ఇచ్చేటప్పుడు నెట్ స్లో ఉన్నదని చెప్పకు. వచ్చినోడు స్పీడ్ టెస్ట్ పెట్టి 90 చూపించి పోతడు. కేబుల్ మీద రౌటర్ పింగ్ ఇంత, మీ మొదటి మిషన్‌కు పగలు ఇంత, రాత్రి ఇంత, 600లో ఇన్ని ప్యాకెట్లు పోయినయి, రిసీవ్ పవర్ ఇంత అని మూడు రాత్రుల స్క్రీన్‌షాట్లు తారీఖు, టైముతోని పంపు. అట్ల రాస్తే మాట లైన్‌మ్యాన్ దాటి పైకి పోతది. మూడు వారాలైనా మారకపోతే అప్పుడు కనెక్షన్ మార్చు. మార్చే ముందు గల్లీలో ఆ కంపెనీ లైను ఉన్నోళ్ల ఇంట్ల రాత్రి 10 కి ఇదే పింగ్ పెట్టి చూసుకో, ప్రకటన చూసి కాదు.

కేబుల్ అసలే లాగలేనివాళ్ల గురించి కూడా రాస్త, ఎందుకంటే కిరాయి ఇళ్లల్లో ఓనర్లు గోడ ముట్టనియ్యరు. వైఫైని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కొనొద్దు. ఎక్కువ మటుకు ఒకే రేడియో మీద విని, మళ్లీ చెప్తది కాబట్టి వైఫై రద్దీని ఇంట్లనే రెట్టింపు చేస్తది. మెష్ (ఇల్లంతా ఒకే వైఫైని పంచే డబ్బాల సెట్) మంచిదే, కాని రెండు డబ్బాల నడుమ కేబుల్ ఉన్నప్పుడే ఆటకు పూర్తి లాభం. కరెంటు వైర్ల మీంచి పోయే పవర్‌లైన్ అడాప్టర్ల జత మంచిగ పనిచెయ్యాలంటే రెండు ప్లగ్గులూ ఒకే ఫేజ్ మీద ఉండాలె, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, స్టెబిలైజర్‌కు, ఇన్వర్టర్ దారికి పెట్టొద్దు. వాపసు తీసుకునే షాపులోనే కొను. ఫోన్‌లో బీజీఎంఐ ఆడేవాళ్లు రౌటర్ ఉన్న రూంలోనే 5 గిగాహెర్ట్జ్ మీద కూర్చుంటే సగం బాధ పోతది. టైప్ సీ ల్యాన్ అడాప్టర్ కూడా చానా ఆండ్రాయిడ్ ఫోన్లకు పనిచేస్తది.

కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా బాక్స్ మళ్లీ లేచేటందుకు రెండు, మూడు నిమిషాలు పడ్తది, ర్యాంక్ మ్యాచ్ పోతది. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టు. అడాప్టర్ మీద ఆంపియర్ ఎంత రాసి ఉన్నదో చూసి అంతకు తగ్గకుండ, పిన్ సైజు సరిపోయేది తీసుకో.

నువ్వు ఈ రాత్రే చెయ్యాల్సింది: ముందు లింక్ స్పీడ్ చూడు. 9:30 కి మూడు పింగ్‌లు పెట్టు. పది నిమిషాలైనంక ఇంట్ల ఫోన్లన్నీ వైఫై నుంచి తీసి ఇంకో పది నిమిషాలు పెట్టు. రిసీవ్ పవర్ రాసుకో. ఎక్కువ ఎంత, పోయినవి ఎన్ని, ఆ రెండు సార్లవీ పవర్ అంకెతోని కలిపి ఇక్కడ పెట్టు. కేబుల్ మార్చాల్నా, ఎస్‌క్యూఎం పెట్టాల్నా, కంపెనీకి రాయాల్నా అవి చూసి చెప్త.